చలికి చావని క్రిమి

రాత్రి వంటిల్లు సర్దుకునే వేళ మనలో చాలామందిమి చేసే పని ఒకటుంది. మిగిలిన కూర ఒక గిన్నెలోకి, పప్పు ఇంకో గిన్నెలోకి తీసి, మూతలు పెట్టి ఫ్రిజ్‌లోకి తోసేస్తాం. తలుపు పడిందంటే ఇక దాని సంగతి మనకు పట్టదు. చల్లగా వుంది గనక చెడిపోదని ధీమా. ఆ ధీమా చాలావరకు సబబైనదే. వాంతులూ విరేచనాలూ తెచ్చిపెట్టే క్రిములు చాలావాటికి చలి గిట్టదు. అవి చావకపోయినా, పెరక్కుండా ముడుచుకుని పడివుంటాయి.

ఐతే ఒక క్రిమి మాత్రం అలా ముడుచుకోదు. మిగతా క్రిములు చాలావరకు నిద్రపోతుంటే ఇది తాపీగా, ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతూనే వుంటుంది. దాని పేరు లిస్టీరియా. ఇది కడుపుని పాడుచేసి వూరుకుంటే దాన్ని గురించి ఇంతసేపు మాట్లాడుకోవలసిన పని లేదు. సందు దొరికితే మెదడుదాకా పోతుంది. మనుషులకే కాదు, మేకలకూ గొర్రెలకూ గేదెలకూ కూడా.

"సందు దొరికితే" అన్నాను చూడండి, అక్కడే వుంది దీని సంగతంతా. అవకాశవాదులన్న మాట మనం రాజకీయాల గురించి వాడుతుంటాం. వైద్యులు కొన్ని క్రిములను కూడా అలాగే అంటారు. ఇవి కలరా క్రిమిలాగా, మశూచి క్రిమిలాగా ఎదురుపడి కొట్టే రకం కాదు. మట్టిలోనో, నీళ్లలోనో, మన ఒంట్లోనే ఏదో మూలనో బుద్ధిగా పడివుంటాయి. ఒంట్లో కాపలా సడలిన రోజున బయటపడతాయి. ఏళ్ల తరబడి చెవి కారుతున్నా "చిన్నప్పటినుంచీ వున్నదేలే" అని ఊరుకున్న మనిషికి, ఆ చెవిలోని చీము పక్కనున్న ఎముకను తినేసి మెదడులో గడ్డగా తేలడం వైద్యులు ఎరిగిన సంగతే. ఆ చీములో వుండేవి కూడా చాలావరకు ఇలాంటి మామూలు క్రిములే. మీ ఇంట్లో ఎవరికైనా చెవి కారుతూ వుంటే నూనె చుక్కలు మానిపించి చెవి డాక్టరుకు చూపించండి. ఇక లిస్టీరియా దగ్గరకు వస్తాను.

దీన్ని మొదట పట్టుకున్నది మనుషుల్లో కాదు, కుందేళ్లలో. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో ప్రయోగాలకోసం పెంచుతున్న కుందేళ్లూ గినీపందులూ ఉన్నట్టుండి చచ్చిపోతుంటే, ముర్రే, వెబ్, స్వాన్ అనే ముగ్గురు కారణం వెతికి 1926లో ఈ క్రిమిని వర్ణించారు. ఆ కుందేళ్ల నెత్తుట్లో మోనోసైట్లనే ఒక జాతి తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయాయి. అంచేత క్రిమి పేరులో 'మోనోసైటోజెనిస్' అనే తోక చేరింది. మరుసటి సంవత్సరమే దక్షిణాఫ్రికాలో పిరీ అనే ఆయన ఎలుకల జాతి జంతువుల్లో ఇలాంటి క్రిమినే చూసి, శస్త్రచికిత్సలో శుభ్రత నేర్పిన జోసెఫ్ లిస్టర్ పేరు పెట్టాడు. ఆ పెట్టిన మొదటి పేరు అప్పటికే వేరొక జీవికి వుందని తేలి, 1940లో లిస్టీరియా అని దిద్దారు. పాపం, లిస్టర్‌గారు దీన్ని ఎన్నడూ చూసి ఎరగరు.

గొర్రెల సంగతి ఇంకా చిత్రం. న్యూజిలాండులో 1930 ప్రాంతాల్లో కొన్ని గొర్రెలు మందనుంచి విడిపోయి, తల ఒక పక్కకు వంచి, గానుగెద్దులాగా ఒకేవైపు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. ఒక చెవి వాలిపోతుంది, ఒక కన్ను రెప్ప పడిపోతుంది, మేత నోట్లో పెట్టుకుంటే నమలలేక బుగ్గలోనే వుండిపోతుంది, చొంగ కారుతుంది. రెండు మూడు రోజుల్లో కిందపడి చచ్చిపోతాయి. గిల్ అనే పశువైద్యుడు 1933లో దీన్ని 'చుట్టూ తిరిగే జబ్బు' అని పేరు పెట్టి వర్ణించాడు. ఆ గొర్రెల మెదడులో దొరికినది మన లిస్టీరియానే.

గొర్రె మెదడులోకి అదెలా పోయింది? చలిదేశాల్లో శీతాకాలం మేతకోసం పచ్చిగడ్డిని గోతుల్లో తొక్కి, గాలి చొరకుండా కప్పి పాతరవేస్తారు. అది పులిసి నిలవుంటుంది. మనం ఊరగాయ పెట్టడం లాంటిదే అనుకోండి. పులుపు సరిగా ఎక్కితే ఏ క్రిమీ దరిచేరదు. ఆవకాయ జాడీకి వాసెన సరిగా కట్టకపోతే అంచున బూజు పడుతుందే, అలాగే పాతరలోకి గాలి, మట్టి చేరితే పులుపు చాలక లిస్టీరియా పెరుగుతుంది. ఐస్‌లండులో ఈ జబ్బును పాతరగడ్డి జబ్బనే పిలిచేవారు. గడ్డి పరకలు గుచ్చుకుని చిగుళ్లమీద పడ్డ చిన్న గీతల్లోంచి, పళ్లు మారే చోటునుంచి క్రిమి లోపలికి దూరుతుంది. ముఖానికి స్పర్శనిచ్చే నరం ఒకటుంది. దాన్ని పట్టుకుని, తీగ పట్టుకుని చెట్టెక్కినట్టు మెదడు మొదలుదాకా పాకుతుంది. ఏ పక్క నరం పట్టుకుంటే ఆ పక్కే దెబ్బతింటుంది. గొర్రె ఒకే వైపు తిరగడానికి కారణం అదీ.

(గుండ్రంగా తిరిగే ప్రతి మేకకూ ఇదే జబ్బని కాదు. మెదడులో బద్దెపురుగు తిత్తి పెరిగినా తిరుగుతుంది. చొంగ కారుతున్న పశువైతే పిచ్చికుక్క కరిచి వుండవచ్చు కూడా. ఊళ్లో మీవాళ్లకు పశువులుంటే, నోట్లో చెయ్యిపెట్టి చూడవద్దని, పశువైద్యుణ్ణి పిలవమని చెప్పండి.)

ఇదంతా గొర్రెల గొడవ, మనకెందుకులే అని చాలాకాలం అందరూ అనుకున్నారు. మనుషుల్లో అడపాదడపా ఈ జబ్బు కనిపిస్తున్నా, ఎక్కడినుంచి అంటుతున్నదో అంతుపట్టలేదు. ఆ ముడి 1981లో కెనడాలో వీడింది.

కెనడా తూర్పు తీరంలో నోవా స్కోషియా అనే రాష్ట్రముంది. ఆ ఏడు మార్చినుంచి ఆ ప్రాంతంలో గర్భిణులకు కారణం తెలియకుండా గర్భాలు పోవడం, మృతశిశువులు పుట్టడం, బతికి పుట్టిన పిల్లలు రోజుల్లోనే జబ్బు పడడం జరిగింది. సెప్టెంబరు నాటికి మొత్తం 41 మంది. అందులో 34 తల్లీబిడ్డలవి, తక్కిన 7 పెద్దవాళ్లవి. వైద్యులు ఇంటింటికీ పోయి, జబ్బుపడ్డవాళ్లు ఏం తిన్నారు, పడనివాళ్లు ఏం తిన్నారు అని అడిగి పోల్చిచూశారు. చివరకు వేలు ఒక పదార్థంమీద పడింది. కోల్‌స్లా అంటారు దాన్ని. పచ్చి క్యాబేజీ సన్నగా తరిగి కలిపే సలాడు. ఒక రోగి ఇంటి ఫ్రిజ్‌లో మిగిలివున్న కోల్‌స్లాలో ఆ క్రిమి దొరికింది. కొట్లో కొన్న, ఇంకా విప్పని పాకెట్లలోనూ దొరికింది.

క్యాబేజీలోకి ఎలా వచ్చింది? దాన్ని పండించిన రైతు గొర్రెలనూ పెంచేవాడు. గొర్రెల పెంట పొలానికి ఎరువుగా వేసేవాడు. ఆ మందలో ఒక గొర్రె 1979లో, ఇంకొకటి 1981లో లిస్టీరియాతోనే చనిపోయాయి. కోసిన క్యాబేజీని చలికాలమంతా చల్లని కొట్టంలో నిలవచేశాడు. తప్పు చేశాడనడానికి లేదు, కూరలు నిలవ వుండాలంటే ఎవరైనా చేసే పనే. మిగతా క్రిములకు అది చెర. లిస్టీరియాకు మాత్రం పుట్టిల్లు. గొర్రె మెదడులో వున్న క్రిమి, ఒక తల్లి కడుపులోని బిడ్డదాకా నడిచివచ్చిన దారి అది. ఆహారం ద్వారానే ఈ జబ్బు వస్తుందని నిక్కచ్చిగా రుజువైంది అప్పుడే. ఇది చదివిననాటినుంచీ క్యాబేజీ పై రేకులు తీయకుండా తరగడానికి నాకు చెయ్యి రాదు.

ఇక మనిషి ఒంట్లో ఇది చేసే పని. నూటికి తొంభైమందికి పైగా దీన్ని తిన్నా ఏమీ కాదు. మహా ఐతే ఒకరోజు జ్వరం, కాస్త విరేచనాలు. పేగు దాటి లోపలికి పోయినా, మన తెల్లకణాలు మింగి చంపేస్తాయి. కానీ ఆ కాపలా సడలిందనుకోండి. తెల్లకణం క్రిమిని మింగుతుంది గాని చంపలేదు. క్రిమి ఆ కణంలోనే కాపురం పెడుతుంది. నెత్తుట్లో తిరిగే మందులకూ, ప్రతిరక్షకాలకూ సులువుగా అందదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదా. పైగా కణంలోని పదార్థాన్నే వెనక తోకలాగా పేర్చుకుని, ఆ తోపుతో పక్క కణంలోకి దూసుకుపోతుంది. 1989లో అమెరికాలో టిల్నీ, పోర్ట్‌నాయ్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని మైక్రోస్కోపు కింద చూసి చూపించారు.

మెదడుకు ప్రత్యేకంగా ఒక గోడ వుంటుంది. నెత్తుట్లోని ప్రతిదాన్నీ అది లోపలికి రానివ్వదు. కానీ తెల్లకణం కాపలావాడే గనక గోడ దాటగలదు. వాడి జేబులో దొంగ వుంటే? దొంగా దాటుతాడు. లోపల మెదడు పొరలకు వాపు వస్తుంది, కొందరికి మెదడులోనే చీము కడుతుంది. గొర్రెకు తగిలినట్టే మెదడు మొదట్లో తగిలి, ముఖం ఒక పక్కకు వంకరపోయి, నడక తూలిన మనుషులూ వున్నారు.

కాపలా ఎవరికి సడలుతుంది? గర్భిణికి. కడుపులోని బిడ్డ సగం పరాయి శరీరం. దాన్ని తోసెయ్యకుండా వుండడానికి తల్లి ఒంటి రక్షణ తనంతట తాను కొంచెం మెత్తబడుతుంది. ప్రకృతి దయతో చేసిన ఆ ఏర్పాటే ఈ క్రిమికి సందు. తల్లి మెదడుకు ఇది సోకడం అరుదు. తల్లికి నాలుగు రోజుల జ్వరం, ఒళ్లునొప్పులు, అంతే. దెబ్బంతా మాయ దాటి బిడ్డకు తగులుతుంది. ఇంకా పురిటిబిడ్డలకు, అరవై దాటినవాళ్లకు, షుగరు, మూత్రపిండాల జబ్బు, లివరు జబ్బు వున్నవాళ్లకు, కాన్సరు మందులు తీసుకుంటున్నవాళ్లకు, ఉబ్బసానికో కీళ్లవాతానికో చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు ముప్పు. చాలా ఇళ్లలో వీళ్లలో ఒకరైనా వుంటారు. పురిటికొచ్చిన కూతురు, షుగరున్న అత్తగారు ఒకే కంచం దగ్గర కూర్చునే ఇళ్లూ తక్కువేం కాదు.

ఈ జబ్బు అరుదైనదే, కాదనను. కానీ అరుదైనది ఒక్కసారి పెద్ద ఎత్తున వస్తే ఎలా వుంటుందో దక్షిణాఫ్రికా చూసింది. 2017, 2018 సంవత్సరాల్లో అక్కడ 1,060 మందికి ఈ జబ్బు సోకినట్టు పరీక్షల్లో తేలింది. 216 మంది చనిపోయారు. జబ్బుపడ్డవాళ్లలో పదిమందికి నలుగురు నెలలోపు పసిగుడ్లు. ఎక్కడినుంచి వస్తున్నదో నెలల తరబడి తెలియలేదు. 2018 జనవరిలో జోహన్నెస్‌బర్గ్‌లో ఒక శిశువిహారంలోని పిల్లలు కొందరు విరేచనాలతో ఆస్పత్రికి వచ్చారు. అక్కడి డాక్టర్లకు అనుమానం వచ్చి, ఆ శిశువిహారం ఫ్రిజ్ తెరిపించి చూస్తే పొలోనీ అనే పదార్థం దొరికింది. మాంసం నూరి, ఉడికించి, కడ్డీలుగా చేసి అమ్ముతారు. చవక. బీదసాదల పిల్లలకు రొట్టెలో పెట్టే వస్తువు. ఫ్యాక్టరీలో ఉడికించినదే, ఐతే ఉడికిన తరవాత అంటుకుంది క్రిమి. తినేవాళ్లు మళ్లీ వేడిచెయ్యరు గదా.

అదే కీలకం. వేడి దీనికి యముడు. పాకెట్ పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు వుంచుతారు, అంతకే ఇది చచ్చిపోతుంది. పాలు పొంగించి తాగే మనకు ఆ వైపునుంచి భయం లేదు. కాచిన పాలలో తోడేసిన పెరుగు, పులుపెక్కే గుణం వున్నది, మంచిదే. పొయ్యిమీదనుంచి దిగి నేరుగా కంచంలోకొచ్చే పులుసూ కూరా ఏ చింతా లేకుండా తినవచ్చు. మన పెద్దలు చద్దికూర కడుపుతో వున్న పిల్లకు పెట్టనిచ్చేవారు కాదు. వాళ్లకు లిస్టీరియా తెలియదు, చెప్పే కారణాలు వేరే. ఐనా ఆ ఒక్క పట్టింపు నాకు నచ్చుతుంది.

ఐతే ఇప్పుడు మన వంటిళ్లు మారాయి. నాలుగు రోజుల పప్పు, తరిగి డబ్బాలో పెట్టిన కీరా, కారెట్ ముక్కలు, సాండ్‌విచ్‌లోకి చల్లని చికెన్ ముక్కలు, మెత్తని చీజ్. 1985లో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో మెత్తని తెల్లని చీజ్ ఒకటి తిని 142 మంది జబ్బుపడ్డారు. కడుపులోని పిల్లలతో కలిపి 48 ప్రాణాలు పోయాయి. సరిగా కాగని పాలు అందులో కలిశాయని తేలింది. అమెరికాలో వున్న మీ అమ్మాయి నెల తప్పాక, "డాక్టరు చల్లని మాంసం ముక్కలూ, కొన్ని చీజులూ వద్దందమ్మా" అని ఫోనులో చెబితే, అక్కడివాళ్లకు అన్నీ చాదస్తాలే అనుకోకండి. కారణం ఇదీ.

ఇంట్లో చెయ్యవలసినదాంట్లో ఖర్చు లేదు. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు మించకూడదు. ఆ చలిలో ఈ క్రిమి రెట్టింపు కావడానికి రోజో రెండ్రోజులో పడుతుంది. పది డిగ్రీలుంటే చాలా తొందరగా పెరుగుతుంది. క్రిక్కిరిసేలా గిన్నెలు కుక్కితే చల్లగాలి తిరగదు, నంబరు ఎంత పెట్టినా లాభం లేదు. వండినది రెండు రోజుల్లో తినేయండి. తినేముందు గోరువెచ్చగా కాదు, ఆవిరి పొగలు లేచేలా, మధ్యదాకా మరగబెట్టండి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే చస్తుందన్నది అపోహ, పెరగడం ఆగుతుంది అంతే. పచ్చిమాంసం, చేపలు అడుగు అరలో మూతగిన్నెలో వుండాలి. పై అరలో పెట్టి, ఆ నీళ్లు కొత్తిమీర కట్టమీదా, చట్నీమీదా కారనిస్తే వండినదాని గతేమిటి? పచ్చిగా తినే కూరలు పారే నీళ్లలో రుద్ది కడగాలి. ఫ్రిజ్‌లో ఏదైనా ఒలికితే "రేపు తుడుద్దాం" అనకండి. తలుపు రబ్బరు మడతల్లో, అడుగున నీళ్లు నిలిచే చోట ఈ క్రిమి నెలల తరబడి కాపురముంటుంది. వాసన వుండదు, రంగు మారదు, రుచి మారదు. వాసన చూసి "బాగానే వుందే" అనే మన పరీక్ష దీనిముందు పనిచెయ్యదు.

జబ్బు ఆనవాళ్లు కూడా తెలిసుండాలి. గర్భిణికి జ్వరం, నడుంనొప్పి, ఫ్లూ లాంటి ఒళ్లునొప్పులు వస్తే మాత్ర వేసి పడుకోబెట్టకండి, ఆరోజే డాక్టరుకు చూపండి. ఈ జబ్బు తిన్న మర్నాడే రానక్కర్లేదు, వారాలు, ఒక్కోసారి రెండు నెలలు పట్టవచ్చు. అంచేత "నిన్న ఏం తిన్నావు" అన్న ప్రశ్న చాలదు. పసిబిడ్డ రెండు మూడు వారాలకు పాలు పట్టక మానేసినా, మూలుగుతున్నా, మగతగా వున్నా, నడినెత్తి మాడు ఉబ్బినా, ఫిట్స్ వచ్చినా దిష్టి తీస్తూ కూర్చునే వేళ కాదది. పెద్దవాళ్లలో మెడ బిగుసుకోవడం ప్రతిసారీ వుండదు. జ్వరంతోపాటు మాట తడబడినా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా, నడక తూలినా "వయసు మళ్లింది గదా" అని వదిలేయవద్దు.

ఆస్పత్రిలో డాక్టరు వెన్నులోంచి నీరు తియ్యాలంటే మనవాళ్లు చాలామంది సంతకం పెట్టడానికి బెదురుతారు. నడుం పడిపోతుందని, కాళ్లు చచ్చుబడతాయని ఎవరో చెప్పివుంటారు. వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుంది. సూది గుచ్చేది దానికి దిగువన, ఒట్టి నీరూ నరాల పోగులూ వుండేచోట. ఒకటి రెండు రోజులు తలనొప్పి వుంటే వుండవచ్చు. ఆ నాలుగు చుక్కల నీరు చూస్తేగాని ఏ క్రిమో తెలియదు. తెలియకపోతే వచ్చే నష్టమేమంటే, మెదడు వాపుకు సాధారణంగా మొదట ఇచ్చే సెఫలోస్పోరిన్ ఇంజక్షన్లు ఈ క్రిమిమీద బొత్తిగా పనిచెయ్యవు. దీనికి మందు ఆంపిసిల్లిన్. పాతకాలపు మందే, ఖరీదూ తక్కువే. కొందరికి తోడుగా జెంటామైసిన్ ఇస్తారు. మూడు వారాలు, ఒక్కోసారి అంతకుమించి పొయ్యాలి. జ్వరం తగ్గిందని నాలుగోరోజున ఇంటికి తీసుకొచ్చేస్తే కణాల్లో దాక్కున్నది మళ్లీ లేస్తుంది. మెదడుదాకా వెళ్లాక, మందు అందినా కొందరు దక్కరు. అందుకే ఆలస్యం పనికిరాదు. మీ పేషెంటు గర్భిణి అనో, స్టెరాయిడ్లు వాడుతున్నదనో, షుగరుందనో డాక్టరు అడిగేదాకా ఆగకుండా మొదటి మాటగా మీరే చెప్పండి. డాక్టరుకు లిస్టీరియా తట్టేది ఆ మాట వల్లనే.